ఎత్తు మంచం

యాసంగి వడ్ల లారీలు మిర్యాలగూడ మిల్లుల ముందు బారులు కట్టడం మొదలైన వారంలోనే మేం అఖిలకు మంచం కొనడానికి సూర్యాపేట వెళ్లాం. సీజన్‌లో మిల్లు వదిలి ఒక పూట కూడా పక్కకు జరగని మా బావ ఆ రోజు పొద్దున్నే కారు కడిగించి, "అఖిలా, నీ రూముకు మంచం తెచ్చుకుందాం పా" అన్నాడు. బావ అంటే నా భర్త ఓంప్రకాష్. మా మేనత్త కన్యకమ్మకు పెద్ద కొడుకు. చిన్నప్పుడు అలవాటైన పిలుపు, పెళ్లయ్యాక కూడా మారలేదు.

అఖిలకు పదేళ్లు. రెండో తరగతిలో ఉన్నప్పుడు నడుస్తూ నడుస్తూ ఊరికే పడిపోయేది. ఆడుకునే పిల్ల కదా అనుకున్నాం. తర్వాత మెట్లు ఎక్కడం మానేసింది. ఆ ఫిబ్రవరిలో హైదరాబాద్ డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. కండరాల జబ్బు. మందు లేదు. నడక ఎక్కువ రోజులుండదు, తర్వాత చేతులు కూడా బలహీనపడతాయి. "కుర్చీ ఎత్తులో, తలవైపు లేపుకునేలా ఉండే మంచం కొనండి. కింది అంతస్తులో, బాత్రూం పక్కన వేయండి. నిద్రలో తనంతట తాను పక్కకు తిరగలేదు, మీరే తిప్పాలి" అన్నాడు. మాది మేనరికమని తెలుసుకుని, "ఇంట్లో ఇంకా ఇలాంటి సంబంధాలు అనుకుంటుంటే ముందు ఇద్దరికీ పరీక్షలు చేయించండి" అని కూడా అన్నాడు. ఆ మాట పూర్తికాకముందే బావ లేచి బయటికి వెళ్లిపోయాడు.

సూర్యాపేట షోరూంలో పిల్లల మంచాలన్నీ పై అంతస్తులో పెట్టారు. బావ అఖిలను ఎత్తుకుని మెట్లెక్కాడు.

"పాప నిద్రపోయిందా సార్?" అని అడిగాడు సేల్స్‌మన్.

"కాలు బెణికింది" అన్నాడు బావ.

అఖిల తండ్రి భుజం మీద తల ఆనించి అలాగే ఉంది. నేను సేల్స్‌మన్‌ని పక్కకు పిలిచి, తక్కువ ఎత్తువి, కుర్చీ అంత ఎత్తులో ఉండేవి ఉన్నాయా అని అడిగాను.

"ఉన్నయ్ మేడం, కానీ అవి ముసలోళ్లకు కొంటరు. పిల్లలకైతే ఇగో ఇది సూడండి. మస్తు పోతున్నయ్."

అతను చూపించింది మనిషెత్తు మంచం. పైన పరుపు, కింద చదువుకునే బల్ల, పక్కన మెట్లు, ఒక్కో మెట్టుకూ ఒక్కో రంగు. బావ అఖిలను అమాంతం ఎత్తి పైన కూర్చోబెట్టాడు.

"ఎట్లున్నది బిడ్డా?"

"ఫ్యాన్ దగ్గరున్నది డాడీ" అని నవ్వింది.

ఆ నవ్వు చూసి బావ మొహం విప్పారింది. నేను దగ్గరికి వెళ్లి నెమ్మదిగా, "డాక్టరు చెప్పింది ఇది కాదు కదా బావా" అన్నాను.

"డాక్టరు ఏమన్న దేవుడా? రోజూ ఆ మెట్లు సూస్తుంటే ఎక్కాలనిపిస్తది. కాళ్లకు పని చెప్పకుంటనే కండలు మొద్దుబారుతయ్."

నేను అఖిల వైపు తిరిగాను. "నువ్వు చెప్పమ్మా. నీకేది కావాలె?"

అది ముందు తండ్రిని చూసింది, తర్వాత నన్ను చూసింది. "డాడీకి ఏది నచ్చితే అది" అంది.

తిరిగొచ్చేటప్పుడు ఊరు దాటాక వెనక సీట్లోంచి అఖిల అడిగింది, "డాడీ, రాత్రి బాత్రూం వస్తే ఎట్ల దిగాలె?"

"నన్ను పిలువు. నేను వస్త" అన్నాడు బావ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

మంచాన్ని పై గదిలో బిగించారు. కింద హాలు పెద్దది, బాత్రూం పక్కనే ఉంటుంది, కుర్చీ బండి తిరగడానికి చోటుంది. హాల్లో అయితే మేలని నేను మొదటి నుంచీ అంటూనే ఉన్నాను. దానికి అడ్డం బావ ఒక్కడే కాదు. ఒకరోజు చింతపండు గింజలు తీస్తూ అత్తమ్మ నన్ను పక్కన కూర్చోమంది.

"మాధవీ, జర ఓపిక పట్టు. హాల్ల దవాఖాన మంచం ఏస్తే వచ్చినోళ్లంత అడుగుతరు. అడిగితే ఏం చెప్తవ్? శ్రావణం రానీ, యశ్వంత్ లగ్గం కానీ. తర్వాత బంగారు మంచం ఏపిద్దువు."

యశ్వంత్ మా మరిది. కోదాడలో ఉన్న మా చెల్లెలు నవనీతను అతనికి చేసుకోవాలని వాళ్లిద్దరూ చిన్నగా ఉన్నప్పటి నుంచీ అత్తమ్మ కోరిక. వాళ్లకూ ఇష్టమే. మా నాన్న అత్తమ్మకు సొంత తమ్ముడు. అఖిలకు బలహీనత అనీ, హైదరాబాద్ మందులు వాడుతున్నామనీ మాత్రమే కోదాడలో తెలుసు. అంతకు మించి ఫోన్లో చెప్పొద్దని ఫిబ్రవరిలోనే అత్తమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది.

"డాక్టరు పరీక్షలు చేయించుకోమన్నడు అత్తమ్మా. వాళ్ల పెళ్లికి ముందు..."

"నాది మేనరికమే. మా అమ్మది మేనరికమే. ఎవరికేమైంది?" అని గింజలు తీసిన చింతపండును గట్టిగా ఉండ చేసింది. "పిల్లకు దిష్టి తగిలింది. తగ్గుతది."

అఖిల అంటే ఆమెకు ప్రాణం. అందులో అబద్ధం లేదు. పెద్ద వయసు, మెట్లు ఎక్కలేదు. రాత్రిళ్లు కింది మెట్టు మీద కూర్చుని పైకి వినపడేలా కథలు చెప్పేది. అఖిల పైనుంచి ఊ కొట్టేది. ఊ కొట్టడం ఆగిపోయినా అత్తమ్మ కథ పూర్తిచేసి గానీ లేచేది కాదు.

మే నెలలో ఎండలు ముదిరాయి. మిల్లుల ఊక బూడిద ఎగిరొచ్చి డాబా మీద పడేది. పై గది స్లాబు సాయంత్రానికి పెనంలా కాలేది. కూలర్ పెడితే కరెంటు ఉన్నంతసేపే. బావ రాత్రి మిల్లు నుంచి వచ్చి అఖిలను పైకి ఎత్తుకెళ్లేవాడు, పొద్దున్నే దింపి వెళ్లిపోయేవాడు. పగటిపూట నిద్రకు యశ్వంత్ పైకి చేర్చి వెళ్తే, దించడం నా వల్ల అయ్యేది కాదు. ఆ రంగుల మెట్ల మీద నిలబడి పదేళ్ల పిల్లను చంకలకింద పట్టి లాగుతుంటే నా నడుములో ఏదో కలుక్కుమనేది. నాకు నొప్పి పుట్టిందని దానికి నా ఊపిరిని బట్టి తెలిసిపోయేది.

కొన్నాళ్లకు దాని నీళ్ల సీసా ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటోందని గమనించాను.

"దూప అయితలేదా?" అని అడిగాను.

"అయితలేదు మమ్మీ."

పెదాలు పగిలి ఉన్నాయి. నీళ్లు తాగితే దించాల్సి వస్తుందని తాగడం మానేసింది. ఆ సంగతి బావతో చెప్పాను. విన్నాడు. తెల్లారి ఇంకో ఫ్యాన్ తెచ్చి మంచానికి కట్టాడు.

నెలాఖరులో నాన్న, నవనీత ముహూర్తం మాట్లాడుకోవడానికి వచ్చారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ప్రయాణం చేయలేదు. వాళ్లు వస్తున్నారని తెలిసిన పొద్దుటి నుంచే అత్తమ్మ చెప్పడం మొదలుపెట్టింది. "పిల్ల నిద్రపోతుందని చెప్పు. వాళ్లు పోయేముందు పైకి పోయి సూసి వస్తరు. పండుకున్న పిల్ల పండుకున్నట్టే ఉంటది."

"అదేం మాట అత్తమ్మా? వాళ్లు మా వాళ్లు" అన్నాను.

"నా వాళ్లు కూడ" అంది.

వాళ్లు రాకముందే, మా భోజనాలయ్యాక బావ తనే అఖిలను పైకి తీసుకెళ్లాడు. చుట్టాల కోసం చేసిన బూందీ లడ్డు ఒకటి పళ్లెంలో పెట్టి తల పక్కన ఉంచాడు. "సప్పుడు చేయకుండ పండుకో బిడ్డా" అనడం కింద ఉన్న నాకు వినబడింది.

నాన్న వాళ్లు వచ్చి కూర్చున్నారు. యశ్వంత్ ఇస్త్రీ చొక్కా వేసుకుని నవనీతకు ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా కూర్చున్నాడు. అత్తమ్మ ఎన్నాళ్లకో నవ్వుతూ మాట్లాడింది. నాన్న పంచాంగం తెరిచి శ్రావణ మాసంలో వేలు పెట్టి చూస్తుండగా కరెంటు పోయింది. తలుపులు తీశాం. టీలు తెచ్చాను.

"అఖిల ఏదక్కా? ఇంతసేపు నిద్రేంటి, ఈ ఉక్కలో?" అంది నవనీత.

"పండుకోనియ్యి తల్లీ, ఇప్పుడే పండుకుంది" అని అత్తమ్మ అంటూనే ఉంది. నవనీత లేచి మెట్లెక్కేసింది. నేను టీ పళ్లెం కింద పెట్టేలోగా పైనుంచి పిలుపు వినపడింది.

"అక్కా!"

ఒక్కసారే పిలిచింది. నేను పరుగెత్తాను. నా వెనకే బావ.

గదిలో గాలి లేదు. నవనీత రంగుల మెట్ల మీద నిలబడి రెండు చేతులతో మంచం మీద ఏదో దులుపుతోంది. ఎర్రచీమలు. గోడ మీంచి మంచం కోడు పట్టుకుని లడ్డు పళ్లెం దాకా బారు కట్టాయి. పళ్లెం దగ్గర ఆగలేదు. అఖిల మెడ మీంచి, వీపు మీంచి, గౌను లోపలికి. అది గోడవైపు తిరిగి, మేం పడుకోబెట్టినట్టే ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. మొహమంతా తడి.

"ఇన్ని కుడుతుంటే అరవొచ్చు కదమ్మా! పిలవొచ్చు కదా!" అంటోంది నవనీత.

"సప్పుడు చేయొద్దన్నడు పిన్నీ, డాడీ."

బావ మెట్లెక్కి దాన్ని కిందికి తీసుకున్నాడు. నేల మీద కూర్చుని ఒళ్లో బోర్లా పడుకోబెట్టుకుని గౌను పైకి జరిపాడు. వీపంతా ఎర్రగా దద్దుర్లు. ఒక్కో చీమనూ గోటితో తీయడం మొదలుపెట్టాడు. కొన్ని చర్మాన్ని పట్టుకుని వదల్లేదు. నేను కొబ్బరినూనె తెచ్చి పక్కన పెట్టాను.

"తిరుగుదామని సూసిన డాడీ" అంది అఖిల, మొహం ఆయన మోకాలికి ఆనించి. "అయితలేదు."

నవనీత నా మొహంలోకి చూసింది. "తిరగలేకపోవడమేంటక్కా? ఏమైంది దీనికి?"

నేను బావ వైపు చూశాను. ఆయన తల ఎత్తలేదు. చీమలన్నీ తీశాడు. నూనె రాసి, గౌను సర్ది, దాన్ని ఎత్తుకుని మెట్లు దిగాడు. వెనక గదిలోకి వెళ్తాడనుకున్నాను. తిన్నగా హాల్లోకి వెళ్లి, అఖిలను ఒళ్లో పెట్టుకుని మా నాన్న పక్కన కూర్చున్నాడు.

"మామా" అన్నాడు. "అఖిలకు నడక పోతున్నది. ఇగ రాదు. చేతులు గూడ పోతున్నయ్. డాక్టరు అప్పుడే చెప్పిండు."

నాన్న వేలు ఇంకా పంచాంగంలోనే ఉంది. కాసేపటికి దాన్ని మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. చెయ్యి చాపి అఖిల తల నిమిరాడు. తర్వాత అత్తమ్మ వైపు చూసి, "అక్కా, నాతో కూడా చెప్పలేదే" అన్నాడు.

అత్తమ్మ లేచింది. ఎవరూ ముట్టని టీ కప్పులన్నీ ఒకదాని తర్వాత ఒకటి పళ్లెంలో పెట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. వాళ్లు వెళ్లేటప్పుడు కూడా బయటికి రాలేదు.

జూన్ మొదట్లో నవనీత ఫోన్ చేసింది.

"అక్కా, పెళ్లి వద్దని నేను అనలేదు. మేమిద్దరం పరీక్ష చేయించుకుందాం, భయం లేదంటే చేసుకుందాం అన్నాను. అంతే. యశ్వంత్ బావ ఏమన్నాడో తెలుసా? 'నన్ను రోగమున్నోని లెక్క సూస్తున్నవా' అన్నాడు. పెట్టేశాడు."

"మళ్లీ చేసి చూడు. కోపం తగ్గుతది."

"చేశానక్కా. ఎత్తట్లేదు." అంది నవనీత. "నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయనే అనుకున్నాను కదా. ఇప్పుడేమనుకోవాలో తెలియట్లేదు."

నేను యశ్వంత్‌తో మాట్లాడాలని చూశాను. అతను అన్నం తింటున్నవాడు కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచాడు. "వదినా, ఆమెకు నా మీద నమ్మకం లేదు. ఇగ అయిపోయింది" అన్నాడు. వారం తిరక్కుండానే సూర్యాపేటలో మా బియ్యం దుకాణం చూసుకుంటానని బట్టలు సర్దుకుని వెళ్లిపోయాడు. పని ఉంటే తప్ప ఇంటికి రావడం లేదు.

అత్తమ్మ నాతో మాటలు మానేసింది. చెప్పాల్సింది అఖిలతో చెప్పేది. "పాలు పొంగుతున్నయని మీ అమ్మకు చెప్పు." అఖిల చెప్పేది. నేను పక్కనే నిలబడి ఉన్నా అలాగే జరిగేది. ఒక మధ్యాహ్నం వంటింట్లో తనలో తనే అనుకోవడం విన్నాను. "పుట్టింటి గడప అంటే అదొక్కటే మిగిలింది. అది గూడ లేకుంట అయింది." కొంచెం ఆగి, "పెద్దోనికి మాధవిని కలిపింది నేనే కద. ఎవర్నని ఏం లాభం?" అంది. నేను లోపలికి అడుగు పెట్టలేకపోయాను. ఆమె నాకు అత్త కాకముందు మేనత్త. నాకు జడలు వేసిన మనిషి.

బావ మిల్లుకు వెళ్తూ ఒకరోజు గుమ్మంలో ఆగి, "సర్జికల్ షాపు పొద్దుగాల తీస్తరట. ముగ్గురం పోదాం" అన్నాడు.

దవాఖానల వీధిలో చిన్న షాపు. తులసీరాం అనే పెద్దమనిషి నడుపుతాడు. కాలికేమైందని అడగలేదు. ఒక కుర్చీ బండి తుడిచి అఖిల ముందుకు తోశాడు. అది కూర్చుంది. అలాంటి బండిలో కూర్చోవడం దానికి అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది.

షాపులో రెండు మంచాలున్నాయి. ఒకటి రిమోట్‌తో లేచేది, చెక్క రంగు వేసింది, చూడ్డానికి ఇంటి మంచంలాగే ఉంది. ఇంకొకటి తెల్లటి ఇనుప మంచం, కాళ్లవైపు హ్యాండిల్ తిప్పితే తలవైపు లేస్తుంది. బావ రిమోట్ దాని దగ్గర నిలబడ్డాడు.

"ఈ రైలింగ్ కిందికి దిగుతదా?" అని అఖిల తులసీరాంను అడిగింది.

"రెండిటిదీ దిగుతది బిడ్డా."

"మా నానమ్మ పక్కన కూసుంటది. దిగితేనే ఆమెకు మంచిగుంటది." తర్వాత కాసేపు ఆలోచించి, "కరెంటు పోతే రిమోట్ది ఎట్ల?" అంది.

"పోతే యాడిదాడ ఆగుతది. వచ్చేదాకా గంతే."

"అయితే ఇనుపదే తీసుకుందాం."

"రిమోట్ది అయితే నీ అంతట నువ్వే లేపుకోవచ్చు కద బిడ్డా" అన్నాడు బావ. "ఎవర్నీ పిలిచే పని లేదు. వేలుతోని నొక్కితే సాలు."

"వేళ్లు గూడ పోతే?"

మామూలుగానే అడిగింది. ఏ పెన్ను కొనాలి అన్నట్టు. హైదరాబాద్ నుంచి వస్తూ కార్లో, తర్వాత హాల్లో, మెట్ల కింద మేం అనుకున్న మాటలన్నీ అది వింటూనే ఉంది కాబోలు. తులసీరాం పక్కకు తిరిగి డబ్బాలేవో సర్దాడు.

"ఇనుపదే. డాడీ తిప్పుతడు" అంది అఖిల.

మంచం వచ్చిన రోజు పొద్దున చినుకులు పడ్డాయి. హాల్లో సోఫాలు వెనక గదిలోకి చేర్చి, వీధి కిటికీ పక్కన మంచం వేశాం. తలుపు తీస్తే వీధిలో పోయేవాళ్లందరికీ కనపడుతుంది. ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి చాలాసేపు చూసి లోపలికి వెళ్లింది. పైనున్న మంచాన్ని విప్పి అమ్మేద్దామని ఎవరమూ అనలేదు. ఆ గదికి గడియపెట్టి ఉంది.

అత్తమ్మ వంటింటి గడపలోనే నిలబడి అంతా చూసింది. పరుపు వేశాక నెమ్మదిగా వచ్చి, తన మెత్తటి పాత చీర ఒకటి నాలుగు మడతలు వేసి పరిచింది. ముడతల్లేకుండా అరచేత్తో సాపు చేసింది. "జారకుండ ఆ కొసలు లోపలికి మడువు" అంది. ఎవరి వైపూ చూడకుండా అంది. చుట్టూ నేను తప్ప ఎవరూ లేరు. మడిచాను.

బావ అఖిలను తెచ్చి పడుకోబెట్టాడు. కాళ్లవైపుకు వెళ్లి నేల మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకున్నాడు.

"లేపనా?"

"లేపు."

హ్యాండిల్ కిర్రుమంటూ తిరిగింది. తలవైపు కొద్దికొద్దిగా లేచింది. దానితోపాటు అఖిల మొహం లేచింది. ముందు కిటికీ చువ్వలు, తర్వాత ఎదురింటి ప్రహరీ, తర్వాత తడిసిన వీధి, వీధి చివర మిల్లులోకి మలుపు తిరుగుతున్న లారీ.

"ఇంక జర... ఇంక జర... చాలు."

కిర్రు ఆగింది. బావ లేవలేదు. హ్యాండిల్ పట్టుకున్న చేతి మీదే నుదురు ఆనించి అలాగే కూర్చున్నాడు. అఖిల ఉన్న చోటికి ఆయన కనపడడు. నాకూ అత్తమ్మకూ కనపడుతున్నాడు. ఇద్దరం కదల్లేదు.

అఖిల వీధినే చూస్తోంది.

"డాడీ, చాలన్న కద" అంది. "ఇగ లే."

ఆయన లేవడానికి చాలాసేపు పట్టింది.